వెలుతురును కొలవాలా, చీరను కొలవాలా?

సూరత్ రింగ్ రోడ్డు మార్కెట్లలో చాలా బేరాలు చీరను చేత్తో తాకకుండానే తెగిపోతాయి. కరీంనగర్‌లోనో గుంటూరులోనో దుకాణం నడిపే ఆయన ఫోన్‌లో కేటలాగ్ చూస్తాడు, నచ్చిన డిజైన్ నంబర్లు పంపుతాడు, కొన్నాళ్లకు పార్సిల్ దిగుతుంది. ఫొటోలో బూడిద రంగులో కనబడ్డ చీర మూట విప్పేసరికి తెల్లగా ఉందనుకోండి, ఫొటోలో మెరిసిపోయిన రాణి రంగు చేతికొచ్చేసరికి ముదురుగా ఉందనుకోండి, ఆ మూట వచ్చిన దారినే వెనక్కి పోతుంది. రవాణా ఖర్చు వ్యాపారికి, చెడ్డపేరు ఫొటోగ్రాఫర్‌కి. రంగు తేడా వస్తే వైట్ బ్యాలెన్స్‌ను తిట్టుకోవడం మనకు అలవాటు. చాలాసార్లు తప్పు అంతకంటే ముందే, వెలుతురును ఎక్కడ కొలిచామన్న దగ్గరే, జరిగిపోయి ఉంటుంది.

లింబాయత్, ఉధ్నా వైపు స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో చాలామంది తెలంగాణ జిల్లాల నుంచి నేతపని కోసం వచ్చినవాళ్లే. పెద్దవాళ్లు పవర్‌లూమ్ దగ్గర నిలబడ్డారు. పిల్లల్లో కొందరు అదే బట్టను కెమెరా ముందు నిలబెడుతున్నారు. మీరు వాళ్లలో ఒకరైతే, లేదా వాళ్లలా బట్ట మధ్య పెరిగినవాళ్లైతే, మీకో సౌకర్యం ఉంది. జార్జెట్ ఎలా ఉంటుందో, సాటిన్ ఏ కోణంలో తళుక్కుమంటుందో మీ వేళ్లకు తెలుసు. మీటరుకు తెలియదు, ఎప్పటికీ తెలియబోదు. కాబట్టి మీటరును ఎక్కడ పెట్టాలో తేల్చే పని మీదే.

కెమెరా మెనూలో మీటరింగ్ దగ్గర మూడు నాలుగు గుర్తులు ఉంటాయి: మ్యాట్రిక్స్, సెంటర్ వెయిటెడ్, స్పాట్, కొన్నిట్లో హైలైట్ వెయిటెడ్. కొత్తగా నేర్చుకునేవాళ్లు "వీటిలో ఏది మంచిది?" అని అడుగుతారు. దానికి జవాబు వెతుక్కుంటూ ఏళ్లు గడిపేసినవాళ్లు ఉన్నారు. దాని బదులు ప్రతి ఫొటోకు ముందు ఇంకోటి అడగండి: ఈ ఫ్రేములో ఏది తప్పిపోకూడదు? కేటలాగ్‌లో బట్ట రంగు తప్పిపోకూడదు. పెళ్లిలో మొహం తప్పిపోకూడదు. తాపీ ఒడ్డున సూర్యాస్తమయం తీస్తుంటే ఆకాశం తప్పిపోకూడదు, ఒడ్డున నిలబడ్డ మనిషి నల్లటి ఆకారంగా మిగిలినా ఫరవాలేదు. ఆ ఒక్కటి తేలితే, కొలిచే పద్ధతి దాదాపు తనంతట తానే తేలిపోతుంది. మిగతావన్నీ పట్టు విడుపులే.

మీటరు లెక్క

తక్కెడకు పళ్లెంలో పడింది బంగారమో బెండకాయలో తెలియదు, బరువు మాత్రం చెబుతుంది. కెమెరాలోని మీటరు కూడా అంతే. తనవైపు వచ్చిన వెలుతురు ఎంతో చెబుతుంది. అది తెల్ల చీర మీద పడ్డ తక్కువ వెలుతురా, నల్ల చీర మీద పడ్డ ఎక్కువ వెలుతురా అన్నది దానికి పట్టదు. ఎదురుగా ఉన్నది మధ్యరకం బూడిద రంగే అనుకుని ఎక్స్‌పోజర్ కట్టేస్తుంది. ఆ మధ్యరకాన్ని, తన మీద పడ్డ వెలుతురులో 18 శాతం తిప్పి పంపే బూడిదగా చెప్పుకుంటాం. కెమెరా, మీటరు కంపెనీలు నిజానికి ఇంకాస్త కిందికి, 12, 13 శాతం దగ్గరికి లెక్క సరిచేస్తాయి. తేడా అర స్టాపు (వెలుతురు రెట్టింపైతే ఒక స్టాపు). దాని మీద పెద్దలు చేసిన వాదనలు చాలా ఉన్నాయి, మనం వాటిలోకి దిగక్కర్లేదు.

మనకు కావలసిన లెక్క వేరు. తెల్లటి బట్ట 80, 90 శాతం వెలుతురును తిప్పి పంపుతుంది. 18కి రెట్టింపు 36, దానికి రెట్టింపు 72. అంటే తెల్ల చీర మధ్యరకం బూడిద కంటే రెండు స్టాపులకు కాస్త ఎక్కువే పైన ఉంది. ఫ్రేము నిండా తెల్ల చీర పరిచి మీటరు చెప్పినట్టే తీస్తే, అది ఆ రెండు స్టాపులనూ కోసేస్తుంది. చీర సున్నం గోడ మీద మసి పట్టిన రంగులోకి దిగుతుంది. నల్ల బట్ట 4, 5 శాతమే తిప్పి పంపుతుంది, అంటే రెండు స్టాపులు కింద. మీటరు దాన్ని లేపి బూడిదగా చేస్తుంది. నల్ల వెల్వెట్ ఇంకా కిందికి పోతుంది. ఒకే స్టూడియోలో, ఒకే దీపాల కింద, ఒకే గంటలో తెల్లదీ నల్లదీ తీసి, మీటరు మాటే విన్నవాళ్ల కేటలాగ్‌లో రెండు చీరలూ ఒక రంగు కుటుంబంలోకి వచ్చేస్తాయి. నమ్మకం కుదరకపోతే ఈ పూటే ఒక తెల్ల పంచె, ఒక నల్ల చున్నీ తీసుకుని, కెమెరాను ఆటోలో పెట్టి ఫ్రేము నిండా తీసి చూడండి.

మీటర్లు లేని రోజుల్లో దీన్ని కంటితో, అలవాటుతో నెగ్గుకొచ్చారు. సికిందరాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) కాలానికి విద్యుత్ మీటరు పుట్టనే లేదు. చేతిలో పట్టుకునే వెస్టన్ మీటరు 1932లో వచ్చింది. ఆ తరవాత 1940 ప్రాంతంలో రెండు దారులు గట్టిగా విడిపోయాయి. అమెరికాలో డాన్ నార్‌వుడ్ అనే ఆయన మీటరు కంటికి తెల్లటి అర్ధగోళం టోపీ పెట్టి, వస్తువును వదిలేసి వస్తువు మీద పడే వెలుతురునే కొలవమన్నాడు. ఇంచుమించు అదే సమయంలో యాన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ ఇద్దరూ వస్తువు నుంచి వచ్చే వెలుతురునే ముక్క ముక్కగా కొలిచి, ఏ ముక్క ఎంత నలుపులో, ఎంత తెలుపులో కూర్చోవాలో మనిషే నిర్ణయించాలన్నారు. అదే జోన్ సిస్టమ్. మొదటిది ఇన్సిడెంట్ కొలత, రెండోది రిఫ్లెక్టెడ్ కొలతలో స్పాట్ దారి. కెమెరాలోని మ్యాట్రిక్స్ వీటికి చాలా తరవాత, 1983లో నికాన్ ఎఫ్‌ఏతో వచ్చింది. ఫ్రేమును ఐదు భాగాలు చేసి, ఎదుట ఏ రకం దృశ్యం ఉందో ఊహించడం దాని పని. నేటి కెమెరాలు వేల భాగాలు చేస్తాయి, మొహాన్ని కూడా గుర్తుపడతాయి. ఎంత తెలివైనదైనా అది ఊహే. ఊహ చాలాసార్లు సరిపోతుంది, తెల్ల ఆర్గంజా దగ్గర సరిపోదు.

కేటలాగ్ షూట్: మీటరు మోడల్ చేతికి ఇవ్వండి

బట్ట రంగే ప్రాణమైన చోట పడే వెలుతురును కొలవండి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. ఇన్సిడెంట్ మీటరు చీరను చూడదు కాబట్టి తెలుపూ నలుపూ దాన్ని మోసం చేయలేవు. దీపాలు కదపనంతసేపూ తెల్ల చీరకూ నల్ల చీరకూ రాణి రంగుకూ ఒకే ఎక్స్‌పోజర్. రోజుకు పదుల కొద్దీ చీరలు మార్చే షూట్‌లో ఇదే పెద్ద విశ్రాంతి. ఒకసారి కొలిచి, కెమెరాను మాన్యువల్‌లో పెట్టి, ఇక దాని జోలికి పోనక్కర్లేదు.

స్టూడియో ఫ్లాష్ వాడేవాళ్లకు ఇంకో కారణం కూడా ఉంది. కెమెరాలోని మీటరు షట్టర్ తెరుచుకోకముందే కొలుస్తుంది. అప్పటికి ఫ్లాష్ వెలగనే లేదు. అది చూసేది మోడలింగ్ దీపాన్ని, పైనున్న ట్యూబ్‌లైట్‌ను. కాబట్టి ఫ్లాష్‌ను కొలిచే చేతి మీటరు కావాలి, లేదా ఒక ఫొటో తీసి హిస్టోగ్రామ్ చూస్తూ సరిచేసుకోవాలి.

కొలిచే తీరులోనే ఎక్కువమంది జారతారు. మీటరును మీ చేతిలో పట్టుకుని కెమెరా దగ్గర నిలబడి కొలిస్తే అది మీ మీద పడే వెలుతురు. చీర ఉన్న చోటికి వెళ్లాలి, లేదా మోడల్ చేతికి ఇచ్చి గడ్డం కింద పట్టుకోమనాలి. తెల్ల గోళం కెమెరా వైపు చూడాలి. మీ నీడ దాని మీద పడకూడదు. దీపానికి నాలుగడుగుల దూరంలో ఉండాల్సిన కొలత ఐదడుగుల దగ్గర తీసుకుంటే తేడా సుమారు మూడింట రెండు వంతుల స్టాపు. తెల్ల చీరలోని నేత గీతలు పోవడానికి అంత చాలు.

ఆ మాట మీదే ఇంకోటి. చీర కేటలాగ్ అంటే నిలువెత్తు ఫొటో. దీపం మొహానికి నాలుగడుగుల్లో, కుచ్చిళ్ల అంచుకు ఏడడుగుల్లో ఉంటే, పాదాల దగ్గరికి వచ్చేసరికి వెలుతురు ఒకటిన్నర స్టాపు పడిపోతుంది. మొహం దగ్గర కొలిచి సంతోషపడ్డవాడికి చీర కింది సగం మునిగిపోతుంది. చూడబోతే కొనేవాళ్లకు కావలసింది కింది అంచే. అందుకని మొహం, నడుము, కుచ్చిళ్లు, మూడు చోట్లా కొలవండి. తేడా అర స్టాపు దాటితే ఎక్స్‌పోజర్‌తో కుస్తీ పట్టకుండా దీపాన్ని వెనక్కి జరపండి, లేదా కింద తెల్ల థర్మాకోల్ షీటు పెట్టండి.

గోళం మనిషి కోసం, గుండ్రంగా ఉన్న వస్తువు కోసం. చీరను నేల మీద పరిచి పైనుంచి తీసేటప్పుడు గోళాన్ని లోపలికి దించేయండి, లేదా చదును బిళ్ల తగిలించండి. దాన్ని బట్టకు సమాంతరంగా ఆనించి నాలుగు మూలలా మధ్యలోనూ కొలవండి. చదునుగా ఉన్న బట్టకు చదును కొలతే సరి.

తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌ను విడిగా కొలవాలి. మోడల్ దగ్గర ఎఫ్8 వస్తే వెనక తెల్ల కాగితం దగ్గర అర స్టాపు నుంచి ఒక స్టాపు వరకు ఎక్కువ ఉంటే చాలు, కాగితం తెల్లగా వచ్చేస్తుంది. ఇంకా తెల్లగా రావాలని రెండు మూడు స్టాపులు ఎక్కించేవాళ్ల ఫొటోల్లో షిఫాన్ కొంగు అంచు వెనక వెలుతురులో కరిగిపోయి ఉంటుంది.

ఇక జరీ. సూరత్ జరీకి భౌగోళిక గుర్తింపు ఉంది, అది వెండి తీగ మీద బంగారు పూత వేసిన పాత పని. నేడు మార్కెట్‌లో ఎక్కువగా కనబడేది లోహపు పూత వేసిన పాలిస్టర్ ఫిల్మ్‌ను కోసి చేసిన జరీ. దాని తళుకు కొంచెం కరుకుగా, చుక్కలు చుక్కలుగా ఉంటుంది. ఏ జరీ అయినా అద్దంలా పనిచేస్తుంది, ఎదుట ఉన్న దీపాన్నే తిరిగి చూపిస్తుంది. ఇన్సిడెంట్ మీటరుకు ఈ సంగతి తెలియదు. అందుకని చీర సరిగ్గా వచ్చి, జరీ అంచు తెల్లటి మచ్చలైపోయే ఫొటోలు పడతాయి. అప్పుడు చాలామంది ఎక్స్‌పోజర్ ఒక స్టాపు తగ్గిస్తారు. జరీ బతుకుతుంది, చీర చస్తుంది. నన్నడిగితే ఎక్స్‌పోజర్‌ను ముట్టుకోకండి. దీపాన్ని పెద్దది చేయండి: పెద్ద సాఫ్ట్‌బాక్స్, లేదా దీపానికీ చీరకీ మధ్య వెడల్పాటి తెల్ల బట్ట. చిన్న దీపం జరీలో చుక్కలుగా కనబడుతుంది, పెద్ద దీపం పలకలా పరుచుకుని బంగారు రంగును పైకి తెస్తుంది. అక్కడక్కడా ఒకటి రెండు చుక్కలు తెల్లబోయినా బాధపడకండి. మెరుపంటే అదే, కొనేవాళ్లకు దాని మీద ఫిర్యాదు ఉండదు.

రాణి రంగు, ముదురు ఎరుపు, మిరపపండు రంగు చీరల దగ్గర ఇంకో జాగ్రత్త. కొలత సరిగ్గానే ఉంటుంది, తెల్లటి హిస్టోగ్రామ్ కూడా మధ్యలోనే ఉంటుంది. ఎరుపు చానెల్ మాత్రం కుడి గోడకు కొట్టుకుని ఉంటుంది. ఫొటోలో చీర ప్లాస్టిక్ ముక్కలా, మడతల్లో నీడలు లేకుండా కనబడటానికి కారణం అదే. మూడు రంగుల హిస్టోగ్రామ్ విడివిడిగా తెరుచుకుని, ఎరుపు గోడను వదిలేదాకా మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల స్టాపు తగ్గించండి. రా ఫైల్ తీస్తుంటే మొహాన్ని తరవాత కొంచెం లేపుకోవచ్చు. పోయిన ఎరుపు మాత్రం తిరిగి రాదు.

చేతి మీటరు కొనే స్తోమత ఇప్పుడే లేకపోతే బూడిద కార్డు కొనండి. కార్డును చీర ఉన్న చోట పెట్టి, స్పాట్‌లో దాన్నే కొలిచి, ఆ ఎక్స్‌పోజర్‌ను మాన్యువల్‌లో బిగించండి. ఇది కూడా పడే వెలుతురును కొలవడమే, అడ్డదారిలో. ఆరని దీపాలకు, ఎల్‌ఈడీ ప్యానెళ్లకు బాగా పనిచేస్తుంది, ఫ్లాష్‌కు పనిచేయదు. కార్డు కూడా లేని రోజు మీ అరచెయ్యి ఉంది. మన ఒంటి రంగు ఏదైనా అరచేతులు ఇంచుమించు ఒకే మాదిరి, మధ్యరకం బూడిద కంటే దాదాపు ఒక స్టాపు పైన ఉంటాయి. అరచేతిని కొలిచి ఒక స్టాపు పెంచుకోండి. ఒకసారి కార్డుతో పోల్చి మీ చేతి లెక్క ఎంతో రాసుకుంటే ఇంకా మంచిది. గోరింటాకు పెట్టుకున్న రోజు మాత్రం ఆ చేతిని నమ్మకండి.

వాడిన సెలీనియం మీటర్లు అమ్మకానికి దొరుకుతుంటాయి, బ్యాటరీ అక్కర్లేదని మురిసిపోయి కొంటారు. సెలీనియం వయసుతో బలహీనపడుతుంది. మీ కెమెరాతో పక్కపక్కన పెట్టి ఎండలోనూ గదిలోనూ పోల్చకుండా డబ్బు ఇవ్వకండి.

ఇన్సిడెంట్ మీటరును పక్కన పెట్టాల్సిన సందర్భాలు లేకపోలేదు. పల్చటి ఆర్గంజాను కిటికీకి అడ్డంగా పట్టుకుని వెనక నుంచి వెలుతురు రానిస్తూ తీస్తే, బట్ట గుండా వచ్చే వెలుతురు గోళం మీద పడదు. అక్కడ స్పాట్‌తో బట్టనే కొలిచి, ఎంత తెల్లగా కావాలో అంత, ఒకటి ఒకటిన్నర స్టాపు, పెంచుకోవాలి. దీపాలు, తెరలు, సూర్యాస్తమయం, ఇవన్నీ తమంతట తాము వెలిగేవి, వీటికీ స్పాటే. వజ్రాల సంగతి వేరే లోకం. ఈ ఊళ్లోనే సానపట్టే రాళ్లను తీయాలనుకునేవాళ్లు తెలుసుకోవలసింది ఒకటే: వజ్రం చుట్టూ ఉన్న తెలుపునూ నలుపునూ చూపిస్తుంది, కాబట్టి మీటరు కంటే దాని చుట్టూ పెట్టే కాగితాలే ఎక్కువ నిర్ణయిస్తాయి.

పెళ్లి, బతుకమ్మ, గర్బా

స్టూడియో బయట మోడల్ చేతికి మీటరు ఇవ్వలేం. పెళ్లికొడుకు గడ్డం కింద గోళం పెడితే పురోహితుడు ఊరుకోడు. ఇక్కడ కెమెరాలోని మీటరుతోనే పని.

తెలుగు పెళ్లి మీటరుకు గట్టి పరీక్ష. మధుపర్కాలు కట్టుకుని వధూవరులిద్దరూ తెల్లగా కూర్చుంటారు. మ్యాట్రిక్స్ ఆ తెలుపు చూసి ఎక్స్‌పోజర్ కోస్తుంది, మొహాలు చీకటి పడతాయి. తలంబ్రాల వేళకు వెనక ఎర్ర తెర, చుట్టూ పట్టుచీరలు, అప్పుడు అదే మీటరు ఇంకోలా మాట్లాడుతుంది. నేనైతే ఇక్కడ సెంటర్ వెయిటెడ్‌నే ఎంచుకుంటాను. అది తెలివైంది కాదు, అందుకే దాని తప్పు ముందే తెలుస్తుంది. మధుపర్కాలు ఫ్రేములో సగం ఉంటే ఒక స్టాపు పెంచాలని రెండు పెళ్లిళ్లలోనే చేతికి అలవాటవుతుంది. మ్యాట్రిక్స్ ఎప్పుడు తనంతట తానే సరిచేసుకుంటుందో, ఎప్పుడు చేసుకోదో ఊహించడం కష్టం. మండపంలో దీపాలు మారకుండా ఉంటే మాత్రం ముందే కార్డు పెట్టి మాన్యువల్‌లో బిగించుకోవడం అన్నిటికన్నా మేలు.

స్పాట్‌ను మొహం మీద పెట్టేవాళ్లకు ఒక హెచ్చరిక. నల్లటి మొహాన్ని స్పాట్‌తో కొలిస్తే మీటరు దాన్ని మధ్యరకానికి లేపుతుంది. అసలైతే ఆ మొహం అంతకంటే అర స్టాపో, ఒక స్టాపో కింద ఉండాలి. ఆ పెరుగుదలకు మధుపర్కం కాలిపోతుంది. ఇంకో చిక్కు, కొన్ని కెమెరాల్లో స్పాట్ ఫోకస్ బిందువుతో పాటు కదులుతుంది, కొన్నిట్లో ఎప్పుడూ మధ్యలోనే ఉంటుంది. మీది ఏదో మాన్యువల్ చూసి తెలుసుకోండి. ఫోకస్ మూలలో ఉన్న మొహం మీద, కొలత మధ్యలో ఉన్న తెల్ల పంచె మీద జరిగిపోతుంటాయి.

"అన్నా, ఫొటోల పిల్ల జర తెల్లగ రావాలె" అని ఇంట్లోవాళ్లు వచ్చి చెప్పి వెళ్తారు. దానికోసం ఎక్స్‌పోజర్ పెంచకండి. పెంచితే పసుపు బట్టల పసుపు పోతుంది, మధుపర్కం అంచు పోతుంది, మొహం మీద చెమట తెల్ల మచ్చలవుతుంది. మొహం వైపు మెత్తటి వెలుతురు కొంచెం ఎక్కువ పడేట్టు చూడండి. వాళ్లు అడిగేది నిజానికి చీకటి లేని మొహాన్ని. చామనఛాయను చామనఛాయగానే, మెరుస్తూ చూపిస్తే ఎవరూ డబ్బు వెనక్కి అడగరు.

బతుకమ్మ రోజులూ నవరాత్రి గర్బా రోజులూ సూరత్‌లో దాదాపు ఒకేసారి వస్తాయి. రెంటికీ కొలత వేరు. బతుకమ్మ పొద్దు వాలే వేళ మొదలవుతుంది. పది నిమిషాలకో స్టాపు చొప్పున వెలుతురు జారిపోతుంటే మాన్యువల్‌లో బిగించుకుని కూర్చోలేం. ఇక్కడ మ్యాట్రిక్స్‌నే నమ్మి, ఆటోలో ఉంచి, ఫొటో తీసే ప్రతిసారీ తెర మీద మెరిసే హెచ్చరికను చూస్తూ పోవాలి. తంగేడు పసుపు, గునుగు తెలుపు ఫ్రేము నింపేటంత దగ్గరికి వెళ్తే మూడింట రెండు వంతులు పెంచండి. చీకటి పడ్డాక మనుషులంతా నల్లటి నేపథ్యంలో మిగిలితే మీటరు అందరినీ లేపేస్తుంది. అప్పుడు ఒక స్టాపు తగ్గించండి.

గర్బా మైదానంలో ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైట్లు, చనియా చోళీల మీద అద్దాలు. ఒక్కో అద్దం తిరిగినప్పుడల్లా మ్యాట్రిక్స్ ఉలిక్కిపడుతుంది, వరసగా తీసిన ఐదు ఫొటోలు ఐదు రకాలుగా వస్తాయి. వెలుతురు మాత్రం రాత్రంతా మారదు. ఒక మూల నిలబడి, అరచేతినో కార్డునో కొలిచి, మాన్యువల్‌లో బిగించేయండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్లు, నాసిరకం ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు వెలిగి ఆరుతుంటాయి. షట్టర్ 1/100 దాటితే ఒక ఫొటో ప్రకాశంగా, ఒకటి మందంగా, కొన్ని అడ్డచారలతో వస్తాయి. కెమెరాలో యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేయండి. లేకపోతే 1/100 దగ్గర ఆగి, నృత్యం మలుపు తిరిగి క్షణం నిలిచే చోట నొక్కండి. పవర్‌లూమ్ షెడ్డులో మగ్గాలను తీసేటప్పుడు కూడా ఇదే లెక్క: 1/50 లేదా 1/100. అక్కడ కిటికీ వెలుతురునూ ట్యూబ్‌లైట్‌నూ కలిపి కొలవబోకండి, రెంటిలో ఒకటి ఎంచుకోండి. కిటికీ వైపు కెమెరా తిప్పితే స్పాట్‌ను మగ్గం మీది బట్ట మీద పెట్టి, కిటికీని తెల్లబోనివ్వండి.

నల్ల ఇసుక, నీలి ఆకాశం

ఊరికి నైరుతిలో డుమస్ బీచ్. అక్కడి ఇసుక నలుపు. మామూలు బీచ్‌లో ఇసుక తెల్లగా ఉండి మీటరు ఫొటోను చీకటి చేస్తుంది, డుమస్‌లో తలకిందులు. ఇసుక ఫ్రేము నింపితే మీటరు దాన్ని బూడిద చేసేదాకా లేపుతుంది, పక్కన సముద్రపు నురుగు కాలిపోతుంది. పుస్తకాల్లో చదివి "బీచ్ అంటే ప్లస్ ఒకటి" అని బట్టీపట్టినవాళ్లు ఇక్కడ రెండు రకాలా దెబ్బ తింటారు. ఒకటి, ఒకటిన్నర తగ్గించి మొదలుపెట్టండి. లేదా మీటరును మరిచిపోండి: నిండు ఎండలో ఎఫ్16, ఐఎస్‌ఓ 100 అయితే షట్టర్ 1/100 లేదా 1/125. నెగెటివ్ రోజుల నాటి ఈ ఎండ సూత్రం కూడా పడే వెలుతురు లెక్కే, అందుకే ఇసుక రంగు దాన్ని ఏమీ చేయలేదు. సూరత్ కర్కట రేఖకు కాస్త దక్షిణాన ఉంది. మే చివరి రోజుల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన నిలబడి కళ్లగుంటల్లో నల్లటి నీడలు వేస్తాడు. ఆ వేళ ఏ మీటరింగ్ పద్ధతీ పోర్ట్రెయిట్‌ను కాపాడదు. ఇంటికెళ్లి భోంచేయండి.

జనవరి 14న ఉత్తరాయణ్, ఊరు ఊరంతా డాబాల మీదే. వెనక ఆకాశం, ముందు గాలిపటం ఎగరేసే మనిషి. ఏది తప్పిపోకూడదో ఇక్కడ నిజంగా తేల్చుకోవాలి. గాలిపటమైతే, సూర్యుడికి ఎదురుదిక్కున, ఉత్తరాన ఉన్న నీలి ఆకాశాన్ని స్పాట్‌తో కొలిచి లాక్ చేయండి. శుభ్రమైన నీలం ఇంచుమించు మధ్యరకం బూడిద. పొగమంచుతో తెల్లబారి ఉంటే ఒక స్టాపు పెంచండి. మనిషైతే స్పాట్ మొహం మీద, ఆకాశాన్ని వదులుకోండి. రెండూ కావాలంటే మొహం మీదికి ఫ్లాష్ కొట్టక తప్పదు, మీటరుతో తీరే బేరం కాదది.

కావాలనే తప్పుగా కొలవడం కూడా ఒక విద్య. మాయాబజార్ (1957)లో మార్కస్ బార్ట్‌లీ చూపించిన వెన్నెలను మనవాళ్లు ఇంకా తలుచుకుంటారు. పగటి వెలుతురును రాత్రిగా చూపించడానికి సినిమావాళ్లు సాధారణంగా రెండు స్టాపుల దాకా తగ్గిస్తారు. సరైన కొలత ఏదో తెలిసినవాడికే ఎంత తప్పాలో తెలుస్తుంది. డుమస్‌లో సాయంత్రం మీరూ ప్రయత్నించి చూడండి.

సేఠ్ ఫోన్‌లో చూసేటప్పుడు

ఇంత జాగ్రత్తగా కొలిచి తీసిన ఫొటోను వ్యాపారి తన ఫోన్‌లో, బ్రైట్‌నెస్ నిండుగా పెట్టి, దుకాణం పసుపు దీపం కింద చూసి "భాయ్, ఇంకొంచెం లైట్ చెయ్" అంటాడు. గొడవ పెట్టుకోకండి, వెంటనే ఒప్పుకోకండి కూడా. షూట్ రోజునే ప్రతి చీర నుంచి గుర్తుపట్టగలిగే మేర, కొంగో అంచో, బూడిద కార్డు పక్కన పెట్టి ఒక ఫొటో తీసి ఉంచండి. ఆ ఫొటోనూ అసలు బట్టనూ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి పక్కపక్కన చూపించండి. ఫోన్ బ్రైట్‌నెస్ సగానికి దించమనండి. చాలా వాదనలు అక్కడితో ఆగిపోతాయి. ఆగకపోతే ఆయన డబ్బు, ఆయన కేటలాగ్. కాపీ ఒకటి లేపి ఇవ్వండి, అసలు ఫైల్ మీ దగ్గర ఉంచుకోండి.

ఫోన్‌తోనే షూట్ చేసే దశలో ఉన్నవాళ్లకు కూడా ఇదంతా వర్తిస్తుంది. తెర మీద వేలితో తాకిన చోటే ఫోన్ కొలుస్తుంది, నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లు కొలతను లాక్ చేస్తాయి. తెల్ల చీరను తాకితే చీర బూడిద, నల్ల జాకెట్టును తాకితే మొహం తెలుపు. బూడిద కార్డును తాకి, లాక్ చేసి, కార్డు తీసేసి నొక్కండి.

కెమెరా సంచిలో ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. బట్ట పేరు, దీపం దూరం, మీటరు చెప్పింది, మీరు పెట్టింది, కంప్యూటర్‌లో చూశాక ఎంత సరిచేయాల్సి వచ్చింది, అంతే రాయండి. తెల్ల ఆర్గంజాకు ఇన్సిడెంట్ కొలత కంటే మూడో వంతు తగ్గిస్తే నేత కనబడుతుందని, నల్ల వెల్వెట్‌కు అర స్టాపు పెంచితే మడతలు తెలుస్తాయని అందులోంచే తేలుతుంది. మీ దీపాలకు, మీ కెమెరాకు ఆ అంకెలు కొంచెం అటూ ఇటూ ఉంటాయి. ముందు తెల్లదాంతో మొదలుపెట్టండి, పార్సిళ్లు ఎక్కువగా వెనక్కొచ్చేది దాని మీదే.